కారణం వాళ్లది, శిక్ష నాకా?

(కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, కార్తీక మాసానికి రెండు వారాల ముందు ఒక ఆదివారం సాయంత్రం ఒక డైటీషియన్ ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ముందు వరుసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి, అడగను. మైకు వినిపిస్తోందా? సరే.

అసోసియేషన్ వాళ్లు ఫోన్ చేసి "కుటుంబం మొత్తం శాకాహారానికి మారడం ఎలా" అని టాపిక్ ఇచ్చారు. అప్పుడే చెప్పాను, పెద్దవాళ్లు డాక్టర్ గట్టిగా చెబితే మారతారండీ, ఐదారేళ్ల పిల్లలు పెట్టింది తింటారు, తంటా అంతా మధ్యలో ఉన్న ఆ పద్నాలుగు, పదిహేనేళ్ల వాడితోనే, కాబట్టి నేను వాడి గురించే మాట్లాడతాను అని. వాళ్లు ఒప్పుకున్నారు, ఒప్పుకున్నవాళ్లలో ఇద్దరి ఇళ్లలో ఇదే గొడవ నడుస్తోందని తర్వాత తెలిసింది. (నవ్వులు)

నేను పదహారేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. రోజంతా క్లినిక్‌లో అందరికీ ఏం తినాలో చెప్పి, సాయంత్రం ఇంటికి పోయి మా పెద్దోడి చేత ఒక గరిటెడు పప్పు తినిపించలేకపోయిన మనిషిని. ఇవాళ చెప్పేదాంట్లో సగం ఆ ఓటమి కథే.

రెండేళ్ల కిందటి బోనాలు. మా అత్తమ్మ ఊరి నుంచి నాటు కోడిని పట్టుకొచ్చింది. శనివారం రాత్రి దాన్ని బాల్కనీలో వాషింగ్ మెషిన్ కాలికి కట్టేశాం. మా చిన్నదానికి అప్పుడు తొమ్మిదేళ్లు, రాత్రి పదకొండింటి దాకా దాని పక్కనే కూర్చుని బియ్యం గింజలు వేస్తూ, నీళ్లు పెడుతూ, దానికి బంటి అని పేరు కూడా పెట్టింది. ఆ పేరు పెట్టినప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది. మర్నాడు మధ్యాహ్నం అందరికీ వడ్డించాక అది ఏడవలేదు, అరవలేదు, పెరుగన్నం కలుపుకుని తినేసి లేచిపోయింది. అంతే, ఆ రోజు నుంచి ముక్క ముట్టలేదు. నాలుగు రోజులైతే మర్చిపోతుందిలే అనుకున్నాం, మర్చిపోలేదు.

ఇది ఇలా ఉండగా దసరా తర్వాత మా ఆయనకు ఒక రాత్రి కాలి బొటనవేలు వాచి ఎర్రగా అయింది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాడు. యూరిక్ యాసిడ్. మటన్, లివర్, బోటి అన్నీ ఆపేయమన్నారు డాక్టర్ గారు. మందు కూడా ఆపమన్నారు, అది వేరే ప్రసంగం. (నవ్వులు) సరిగ్గా అప్పుడే కార్తీకం వచ్చింది. మా ఇంట్లో కార్తీకం నెలంతా నీసు వండం. మా ఆయన అన్నాడు, ఎలాగూ నెల మానేస్తున్నాం కదా, అటునుంచి అటే మానేద్దాం, చిన్నది తినదు, నేను తినకూడదు, నువ్వు డైటీషియన్‌వి, ఇంకేం కావాలి అని. పెద్దోడిని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కార్తీకం ముప్పై రోజులు వాడు ఒక్క మాట అనలేదండీ. ఇది బాగా గమనించండి. వంకాయ పెడితే వంకాయ తిన్నాడు, పప్పు పెడితే పప్పు తిన్నాడు. నేను సంబరపడిపోయాను, అలవాటైపోయిందని. పోలి పాడ్యమి అయిపోయింది, ఆ వచ్చే ఆదివారం వాడు స్నానం చేసి, తల దువ్వుకుని, కంచం ముందు పెట్టుకుని కూర్చుని "మటన్ ఏది?" అన్నాడు. అప్పుడు చెప్పాం. ఇంక ఇంట్లో బంద్ అని.

ముప్పై రోజులూ వాడు ఎందుకు గొడవ చేయలేదో నాకు ఆ నిమిషంలో అర్థమైంది. చివరి రోజు ఎప్పుడో వాడికి తెలుసు. మన ఇళ్లలో మానేయడం ఎవరికీ కొత్త కాదు, శనివారం మానేస్తాం, గురువారం మానేస్తాం, అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ఇంటిల్లిపాదీ మానేస్తాం, మాల తీసిన మర్నాడు ఏం వండుకుంటామో అందరికీ తెలిసిందే. మానడం మనకు వచ్చు, గడువు లేకుండా మానడం రాదు. గడువు లేని దీక్ష పదిహేనేళ్ల వాడికి జైలు లాగే ఉంటుంది.

వాడన్న మాట ఇవాళ్టికీ నా చెవిలో ఉంది. "అది కోడికి పేరు పెట్టుకుంది, డాడీకి కాలు వాచింది. కారణం వాళ్లది, శిక్ష నాకా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మీరు ఇంటికెళ్లి మీ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇదొక్కటి గుర్తు పెట్టుకోండి, మీకో కారణం ఉంది, భక్తో, ఆరోగ్యమో, జంతువుల మీద జాలో, ఏదో ఒకటి, వాడికి మాత్రం ఏ కారణమూ లేదు. కారణం లేనివాడి నుంచి మీరు సహకారం అడగొచ్చు, నమ్మకం అడగకూడదు. మనం రెండోది అడుగుతాం. కూరలో కూర్చోబెట్టి వీడియోలు చూపిస్తాం, కబేళా వీడియోలు... కూరలో అన్నానా? సోఫాలో. (నవ్వులు) చూపించకండమ్మా. చూసి భయపడి రెండు రోజులు మానేస్తాడు, మూడో రోజు మీ మీద కోపంతో రెండింతలు తింటాడు.

ఇంకోటి చెప్తాను. 2014లో కేంద్ర ప్రభుత్వం వాళ్ల శాంపుల్ రిజిస్ట్రేషన్ సర్వేలో, తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్లే అని తేలింది. ఆ సర్వేలో దేశంలో మనదే మొదటి స్థానం. అంటే క్లాసులో యాభై మంది ఉంటే మిగిలేది మహా అయితే ఒక్కడు, వీడిని ఆ ఒక్కడు అవ్వమని అడుగుతున్నాం. అదీ ఎక్కడ, హైదరాబాద్‌లో. ట్యూషన్ నుంచి ఇంటికొచ్చే దారిలో బిర్యానీ, షవర్మా, చికెన్ పకోడీ బండి, అన్నీ దాటుకుని వచ్చి ఇంట్లో సొరకాయ తినాలి వాడు. నేనైతే తిననండీ, నిజం చెప్తున్నాను.

సరే, బంద్ పెట్టాక ఏమైంది? ఒక బుధవారం రాత్రి వాడి స్కూల్ బ్యాగు దగ్గర చీమల బారు కనిపించింది. గోడ మీద నుంచి దిగి, టేబుల్ కాలు చుట్టి, తిన్నగా సైడ్ జిప్పులోకి పోతున్నాయి. జిప్పు తీస్తే టిష్యూ పేపర్లో చుట్టిన లెగ్ పీసు బొక్క. బయట పారేస్తే వాచ్‌మన్ చూస్తాడని, ఇంట్లో చెత్తబుట్టలో వేస్తే నేను చూస్తానని, ఎక్కడ వేయాలో తెలియక బ్యాగులో దాచుకున్నాడు పిచ్చోడు. నేను బాగా తిట్టాను. అబద్ధాలు నేర్చావు, డబ్బులెక్కడివి, అదీ ఇదీ. మా అత్తమ్మ అంతా విని, వాడు పడుకున్నాక నా దగ్గరికొచ్చి, "ఆకలైతే దాచుకుని తినే పరిస్థితి నీ ఇంట్లో ఎట్ల వచ్చింది బిడ్డా" అంది. ఆమె మాంసం తినే మనిషే, వాడి తరఫున మాట్లాడుతోందిలే అనుకున్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు టెర్రస్ మీదికి తీసుకుపోయి అడిగాను, మొదటిసారి. మానమని కాదు, నీకు అసలు ఏం తక్కువైంది చెప్పు అని. రుచి అంటాడు, బలం అంటాడు అనుకున్నాను. వాడన్నది వేరే. "మమ్మీ, నమలడానికి ఏం లేదు. అన్నీ మెత్తగా ఉంటాయి. పప్పు మెత్తగా, బెండకాయ మెత్తగా, పన్నీర్ రబ్బరు లాగా." తర్వాత కాసేపు ఆగి, "కడాయి అడుగున అంటుకున్న మసాలా గీకి అన్నంలో కలుపుకోవడం" అన్నాడు. ఇంకా కాసేపు ఆగి, "ఆదివారం పదకొండింటికి కారిడార్లో అందరి ఇళ్లలో నుంచి వాసన వస్తుంది, మన ఇంట్లో నుంచి రాదు" అన్నాడు.

పదహారేళ్ల అనుభవం నాది. ప్రొటీన్, ఐరన్, క్యాలరీలు అన్నీ లెక్కేశాను, వాడు చెప్పిన ఈ మూడింటిలో ఒక్కటీ నా లెక్కలో లేదు.

అందుకే అడగండి. మీవాడు వేరేవి చెప్తాడు, నల్లి బొక్క పీల్చుకోవడం అంటాడో, చేపల పులుసు మర్నాడు తినడం అంటాడో. ఏం కోల్పోతున్నాడో తెలిస్తే అందులో చాలా వరకు తిరిగి ఇవ్వొచ్చు. నల్లి బొక్క మాత్రం ఇవ్వలేం, దానికి దారి లేదు, ఒప్పుకోవాల్సిందే.

వాసన సంగతి మొదట తేలిపోయింది. ఆలోచించండి, మటన్ కూర వాసన అని మనం అనుకునేది చాలావరకు మసాలాదే. ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాలు, ఎండు కొబ్బరి, వేగిన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, అన్నీ చెట్టు నుంచి, చేను నుంచి వచ్చినవే. మనమేం చేస్తాం, కూరగాయ అనగానే పసుపు, ఉప్పు, పోపు వేసి దించేస్తాం. మాంసానికి గంటసేపు కష్టపడతాం, బీరకాయకు పది నిమిషాలు. ఆ గంట కష్టం కూరగాయ మీద పెట్టండి. మా ఇంట్లో ఆదివారం బగారా అన్నం మానలేదు, పక్కన మటన్ బదులు ఒకసారి బగారా బైంగన్, ఒకసారి సొరకాయ వేసిన దాల్చా, ఒకసారి మీల్ మేకర్ కూర. పదకొండింటికి కారిడార్లో మా ఇంటి వాసన కూడా వస్తుంది ఇప్పుడు. పక్క ఫ్లాట్ ఆమె ఒకసారి "మళ్లీ మొదలెట్టారా?" అని అడిగింది కూడా.

నమలడం సంగతికి కొంచెం టైం పట్టింది. మీల్ మేకర్ అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు, ఫంక్షన్లలో నీళ్లు కారే స్పాంజి ముక్కలు తిని తిని. తప్పు దానిది కాదు, పిండకపోవడం. ఉప్పేసిన నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, చన్నీళ్లలో వేసి, రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండాలి, మళ్లీ నీళ్లలో వేసి మళ్లీ పిండాలి, ఆ తెల్ల నురగ పోయేదాకా. ఆ పచ్చి సోయా వాసన అందులోనే ఉంటుంది. తర్వాత పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి పట్టించి అరగంట పక్కన పెట్టి, ఇనప పెనం మీద, నాన్‌స్టిక్ వద్దు, అడుగంటాలి కదా మనకు, ఇనప పెనం మీద అంచులు నల్లబడే దాకా వేయించి కరివేపాకు, పచ్చిమిర్చి చీలికలు వేసి దించండి. చివర్లో రెండు ముద్దల అన్నం ఆ పెనంలోనే వేసి కలిపి వాడికి ఇవ్వండి. నేను మొదటిసారి ఇచ్చినప్పుడు వాడు ఏం మాట్లాడలేదు. పెనం మాత్రం కడగాల్సిన అవసరం రాలేదు.

పుట్టగొడుగులైతే పెద్ద మంట మీద, ఉప్పు చివర్లో. ముందే ఉప్పేస్తే నీళ్లు వదిలి ఉడికిపోతాయి, వేగవు. కందను చింతపండు నీళ్లలో సగం ఉడికించి, బిళ్లలుగా కోసి, చేపల వేపుడు మసాలా పట్టించి, బొంబాయి రవ్వలో దొర్లించి పెనం మీద కాల్చండి. పనసకాయ దొరికే రోజుల్లో పనసకాయ, చేతికి నూనె రాసుకుని కోయండి లేదా కోసినవే తెచ్చుకోండి. ఒక్క జాగ్రత్త, పనసకాయ, పుట్టగొడుగు, కంద నోటికి మాంసంలా అనిపిస్తాయి గానీ వాటిలో ప్రొటీన్ పెద్దగా ఉండదు. నోరు మోసపోతుంది, ఒళ్లు మోసపోదు. ఆ పూట పప్పో, పెరుగో, శనగలో కంచంలో ఉండాల్సిందే.

బిర్యానీ గురించి అడుగుతారని తెలుసు. హైదరాబాద్‌లో వెజ్ బిర్యానీ అన్న మాట అనగానే పిల్లలు నవ్వుతారు, అది పులావు ఆంటీ అంటారు. నవ్వనివ్వండి. ఇక్కడ చేసే తప్పేంటంటే, కచ్చి బిర్యానీ పద్ధతిలో పచ్చి కూరగాయలు కింద వేసి దమ్ పెడతారు. పచ్చి మాంసానికి అంతసేపు దమ్ కావాలి, కాలీఫ్లవర్‌కు అక్కర్లేదు, అది గుజ్జయిపోతుంది. మీల్ మేకర్, ఆలుగడ్డ ముందే వేయించి మసాలాలో కలిపి, బియ్యం ముప్పాతిక ఉడికించి, పుదీనా, కొత్తిమీర, బిరిస్తా, అంటే ఎర్రగా వేగిన ఉల్లిపాయ, దండిగా వేసి పావుగంట దమ్ చాలు. పక్కన మిర్చీ కా సాలన్ ఉంటే సగం గొడవ తగ్గుతుంది, అది ఎప్పుడూ శాకాహారమే.

ఇప్పుడు లెక్కలు. త్వరగా చెప్తాను, రాసుకోవాలనుకుంటే రాసుకోండి. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్ఐఎన్, బస్సులో వెళ్తూ బోర్డు చూసే ఉంటారు, 1918లో కూనూరులో మొదలై 1958లో మన ఊరికి వచ్చింది. దేశం మొత్తానికి ఎవరు ఎంత తినాలో లెక్క కట్టేది వాళ్లే. 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకు సుమారు 45 గ్రాముల ప్రొటీన్, 16 దాటితే 55. మావాడు కబడ్డీ ఆడతాడు, వాళ్ల సార్ చికెన్ తినకపోతే తొడలకు బలం రాదన్నాడట. నేను వాదించలేదు, కాగితం పెన్ను వాడికే ఇచ్చాను. పొద్దున పెసరట్లు, అరవై గ్రాముల పెసలతో 14. మధ్యాహ్నం పిడికెడు కందిపప్పుతో 9, అన్నంలో 12, పెరుగులో 5. సాయంత్రం గుప్పెడు పల్లీలు 7. పాలు ఒక గ్లాసు 8. రాత్రి జొన్న రొట్టెలు 10, అందులోకి ఎండు తూకం పాతిక గ్రాముల మీల్ మేకర్ 13. కూడి 78 అని చూపించాడు. పప్పుల ప్రొటీన్ మాంసం ప్రొటీన్ అంత బాగా అరగదు, కొంత తీసేసుకున్నా చాలినంత ఉంది. ప్రొటీన్ పౌడర్ డబ్బా అడిగాడు తర్వాత, జిమ్ అన్నయ్యలు చెప్పారట. ఈ కాగితమే మళ్లీ చూపించాను.

కానీ ఈ కంచం ఎప్పుడు తప్పుతుందో తెలుసా? పిల్లాడు అలిగి పెరుగన్నం, ఆవకాయ, బంగాళాదుంప వేపుడు, చిప్స్‌తో బతికేస్తున్నప్పుడు. అది కూడా శాకాహారమే కదా, మనం ఊరుకుంటాం. ఆ శాకాహారం వద్దు. దానికంటే వారానికి రెండు రోజులు చికెన్ తిననివ్వండి, నేను డైటీషియన్‌గానే చెప్తున్నాను.

ఆడపిల్లలున్నవాళ్లు ఐరన్ దగ్గర జాగ్రత్త. 16 నుంచి 18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 32 మిల్లీగ్రాములు కావాలి, అబ్బాయికి 26. మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఇందాక చెప్పిన 98 శాతం గుర్తుందా? అంటే మాంసం తినే ఇళ్లలోనే ఈ పరిస్థితి, వారానికోసారి రెండు ముక్కలు తింటే రక్తం పట్టదని అర్థం. కాబట్టి తోటకూర, మునగాకు, శనగలు, నువ్వులు ఉండాలి, వాటితో పాటు నిమ్మకాయ పిండుకోవడమో, ఒక జామకాయో, ఉసిరికాయో ఉండాలి, విటమిన్ సి ఉంటేనే ఆకుకూరల్లో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసి చేయి కడుక్కోగానే చాయ్ తాగకండి, అది ఐరన్‌ను ఆపేస్తుంది. గంట ఆగి తాగండి. హైదరాబాద్‌లో చాయ్ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు.

బి12 ఆకుల్లో, పప్పుల్లో ఉండదు. పాలు, పెరుగు తీసుకునేవాళ్లకు కొంత వస్తుంది, గుడ్డు తింటే ఇంకొంత. లివర్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన నెలకే లోపం తెలియదు, ఏళ్ల మీద మెల్లగా నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు అని బయటపడుతుంది. పాలు కూడా ముట్టని పిల్లాడైతే రక్త పరీక్ష చేయించి డాక్టర్ చెప్పిన మాత్ర వేయండి, మొహమాటం వద్దు.

గుడ్డు మా ఇంట్లో పెద్ద పంచాయితీ. పెద్దోడికి కావాలి, చిన్నది వద్దంటుంది. చివరికి వాడికో చిన్న పెనం, వాడే వేసుకుంటాడు, వాడే కడుగుతాడు. కడగకపోతే చిన్నది దానికి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది.

ఆ టెర్రస్ మీద కుదిరిన ఒప్పందం ఇదండీ. ఇంట్లో వండం. బయట వాడేం తింటాడో మేం అడగం, బ్యాగు వెతకం, నోరు వాసన చూడం. నానమ్మ ఊరికి పోతే నానమ్మ ఏం పెడితే అది. వారానికి రెండు వందలు వాడి చేతికి, దేనికి ఖర్చు పెట్టుకున్నా లెక్క అక్కర్లేదు, మటన్ కిలో ఎంతుందో మీకు తెలుసు, ఇంకా మాకే మిగులుతోంది. ఇదంతా సంక్రాంతి దాకా, ఆ తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటాం. అంటే గడువు పెట్టాం. సంక్రాంతికి కూర్చున్నాం, వేసవి సెలవుల దాకా పొడిగించాం, వాడు రెండు వందలను మూడు వందలు చేయించుకున్నాడు. లంచం అంటారా? అనండి.

ఇంకో షరతు మాటల గురించి. ఇది కొంచెం సీరియస్‌గా వినండి. మన దగ్గర శాకాహారం అనగానే దాని వెనకే కులం వచ్చి కూర్చుంటుంది, మైల, అంటు, ఆ కంచం ముట్టకు, ఆ గిన్నె వేరే పెట్టు, ఇలాంటి మాటలు ఎక్కడి నుంచో నోట్లోకి వచ్చేస్తాయి. మా చిన్నది ఒకరోజు అన్నను "నువ్వు శవాలు తింటావ్" అంది, యూట్యూబ్‌లో విన్నదట. నేను అన్నం తింటున్నదాన్ని ఆపేసి చెప్పాను, మీ నానమ్మ తింటుంది, అన్న బెస్ట్ ఫ్రెండ్ వాళ్లింట్లో తింటారు, మొన్నటిదాకా నిన్ను ఎత్తుకుని నేనూ తిన్నాను, మేమంతా ఏంటి మరి అని. వాడు దాన్ని గడ్డి మేసేదానా అనకూడదు, అది వాడిని ఆ మాట అనకూడదు. మానేసినవాళ్లు గొప్పవాళ్లూ కాదు, తినేవాళ్లు తక్కువవాళ్లూ కాదు, మా ఇంట్లో వంట మారింది, అంతవరకే.

తర్వాత రంజాన్ వచ్చింది. మన హలీమ్‌కు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ నెల రోజులు ఈ ఊళ్లో ఏ పిల్లాడిని ఆపగలం? ఒక రాత్రి తొమ్మిదింటికి వాడు చెప్పులేసుకుంటూ, ఫ్రెండ్స్ హలీమ్‌కి పోతున్నారు, పోనా అని అడిగాడు. నన్నెందుకు అడుగుతున్నావ్, ఒప్పందం ఉంది కదా అన్నాను. "అడగాలనిపించింది" అన్నాడు, వెళ్లొచ్చాడు, బాగుంది మమ్మీ, గోధుమలు బాగా మెదిగాయి అని కూడా చెప్పాడు. బొక్కను బ్యాగులో దాచినవాడు వచ్చి గోధుమల గురించి నాతో మాట్లాడుతున్నాడు. నాకు అది చాలనిపించింది.

ఇప్పుడు వాడు ఇంటర్. మారాడా అంటే, ఇంట్లో మారాడు, బయట నెలకు ఒకటి రెండుసార్లు తింటాడని అనుకుంటున్నాను, అడగలేదు. పూర్తిగా ఎప్పుడు మానతాడు అని మా ఆయన అడుగుతుంటాడు. ఆయన కాలి వేలు మళ్లీ వాయలేదు, అందుకని ధైర్యం వచ్చింది ఆయనకు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: మా అత్తగారు వాడికి చాటుగా మటన్ బాక్సు పంపిస్తారండీ. ఏం చేయాలి?)

చాటు తీసేయండి. అత్తయ్యా, నెలకోసారి మీ ఇంటికి పంపిస్తాం, మీరే దగ్గర కూర్చుని పెట్టండి అని చెప్పండి. ఆవిడకు కావాల్సింది మనవడు పక్కన కూర్చుని తినడం, బాక్సు పంపడం కాదు.

(ఒకాయన: మా పాప తనే మానేసిందండీ, పద్నాలుగేళ్లు. మేం తింటాం. ఫర్వాలేదా?)

మానేసి ఏం తింటోంది సార్? అన్నం కూడా తగ్గించిందా? అద్దం ముందు ఎక్కువసేపు ఉంటోందా, బరువు తగ్గిందా? ఒక్కోసారి పిల్లలు తిండి తగ్గించడానికి ఇదొక సాకు చేసుకుంటారు. అలాంటిదేమైనా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. లేదు, బాగానే తింటోంది అంటే ఇందాకటి కంచం లెక్క చూసుకోండి, చాలు.

ఆ చివర బాబు చెయ్యి ఎత్తాడు. చెప్పు నాన్నా.

(ఒక అబ్బాయి: ఆంటీ, నన్ను ఇక్కడికి కూడా బలవంతంగానే తీసుకొచ్చారు. — నవ్వులు)

తెలుస్తోంది, గంట నుంచి ఫోన్లోనే ఉన్నావ్. (నవ్వులు) సరే, వచ్చావు కదా, మావాడిని అడిగిందే నిన్నూ అడుగుతాను. నీకు ఏం తక్కువైంది?

(అబ్బాయి: మటన్ అంటే అంత ఇష్టం కాదు ఆంటీ. ఆదివారం పొద్దున డాడీ నేను బండి మీద షాపుకి పోయేవాళ్లం. లైన్లో నిలబడేవాళ్లం. వచ్చేటప్పుడు టిఫిన్ తినేవాళ్లం. ఇప్పుడు డాడీ ఆదివారం పడుకుంటున్నాడు.)

ఈయన నాన్నగారు ఎవరు? మీరేనా సార్? విన్నారా? ఎర్రగడ్డ రైతుబజారు ఎంత దూరం ఇక్కడి నుంచి, బండి మీద పావుగంట పడుతుందేమో. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బండి తీయండి, వంకాయలు వీడే ఏరుతాడు, టిఫిన్ మాత్రం పాత చోటే.

(అబ్బాయి: ఆరింటికైతే నేను రాను ఆంటీ.)